మాచర్ల గొర్రెలో రంగు, మచ్చల వారసత్వం – విత్తన పొట్టేలు ఎంపికలో జాగ్రత్తలు

పల్నాడు జిల్లా నకరికల్లు పరిసరాలలో పంట కోసిన పొలాలలో గొర్రెలను మేపడం, ఎరువు కోసం మంద కట్టించడం పరిపాటి. ఈ ప్రాంతపు మాచర్ల గొర్రె తెల్లని ఒంటిపై పెద్ద నలుపు లేదా గోధుమ మచ్చలతో గుర్తింపు పొందింది. మచ్చలే జాతి గుర్తు కావడంతో పొట్టేలు ఎంపికలో చూపు ముందుగా రంగుపై నిలుస్తుంది. అయితే రంగుతో పాటు మందలోకి మరేమి ప్రవేశిస్తున్నదో పరిశీలించడం అవసరం.

జన్యు ఆధారం: చర్మంలోని వర్ణకణాలు మెలనిన్‌ను తయారు చేస్తాయి. పిండదశలో ఈ కణాలు చేరని లేదా నిలవని భాగం తెల్లగా ఉండిపోతుంది. వర్ణకణాలను నియంత్రించే జన్యువులు కొన్ని ఇతర అవయవాల ఎదుగుదలలోనూ పాల్గొంటాయి. కనుక రంగుకై చేసిన ఎంపిక ఆరోగ్యాన్ని కూడా ప్రభావితం చేయవచ్చు.

ఇతర జీవుల అనుభవం: విదేశాలలో పెంపుడు జీవిగా పెంచే ఆఫ్రికా బాల్ పైథాన్‌లో ‘స్పైడర్’ అనే చారల నమూనా బహిర్గత లక్షణం. ఆ నమూనా గల పాములలో తల వణుకు, సమతుల్యత లోపం కూడా వంశపారంపర్యంగా వస్తాయి. కారకుల్ గొర్రెలో బూడిద రంగు సైతం బహిర్గతమే. తల్లిదండ్రులిద్దరి నుండి ఆ జన్యువు పొందిన పిల్లలు సాధారణంగా చిన్నతనంలోనే మరణిస్తాయి.

దాగిన దోషం: అంతర్గత దోషాన్ని గుర్తించడం మరింత కష్టం. దోష జన్యువును ఒక ప్రతిగా మోసే పొట్టేలును, ఆ జన్యువు లేని గొర్రెలతో దాటించినప్పుడు మొదటి తరంలో ఏ పిల్లలోనూ దోషం కనిపించదు. కాని సగం పిల్లలు వాహకాలవుతాయి. రంగు బాగున్నదని అదే పొట్టేలును దాని కూతుళ్లతో దాటిస్తే సగటున 8 పిల్లలలో 1 దోషంతో పుడుతుంది. అట్టి పిల్లల అంతఃప్రజనన గుణకం 25 శాతం.

సిఫార్సులు: పొట్టేలును 2 సంవత్సరాలకొకసారి మార్చాలి, కొత్తదానిని సంబంధం లేని మంద నుండి తేవాలి. చెవి పోగులతో తల్లిదండ్రుల వివరాలు, పుట్టుక బరువు, పిల్లల మరణాలు నమోదు చేయాలి. ఎదుగుదల, ఆరోగ్యం, సంతాన సామర్థ్యం చూసిన పిమ్మటనే రంగును పరిగణించాలి. మచ్చలు జాతిని గుర్తించడానికి తోడ్పడతాయి. పొట్టేలు విలువను మాత్రం దాని సంతానమే నిర్ణయిస్తుంది.