విమానానికి బెజ్జం వెయ్యటం ఎలా?

కొండగట్టు అంజన్నకు మొక్కు చెల్లించటానికి వచ్చి, చెట్ల నీడన వండుకునే కుటుంబాలను మీరు చూసే వుంటారు. ఈసారి వాళ్ళ అల్యూమినియం గుండిగల చెవుల వైపు ఒకసారి చూడండి. చెవినీ గిన్నెనూ బెజ్జం వేసి, అందులో చిన్న లోహపు కడ్డీ ముక్క దూర్చి, దాని కొసను కొట్టి తలలాగా చదును చేసి వుంటారు. అదే రివెట్టు. లోహపు విమానాన్ని కూర్చేది కూడా ఈ పద్ధతిలోనే! సముద్రం దాటటానికి ఆంజనేయుడికి రెక్కలు గాని రివెట్లు గాని అవసరం కాలేదు. మనకు మాత్రం రెండూ కావాలి.

విమానాలు పెద్ద కర్మాగారాల్లోనే తయారవుతాయని అనుకోకండి. అమెరికాలో ఎంతోమంది తమ ఇంటి కారు షెడ్డులోనే చిన్న విమానం కట్టుకుని ఎగురుతున్నారు. మన దేశంలో పైలట్ అమోల్ యాదవ్ ముంబయిలో ఇంటి డాబామీద ఆరు సీట్ల విమానం కట్టి, 2016లో ప్రదర్శనకు పెట్టాడు. అలాంటి పనిలో ఎక్కువ కాలం తీసుకునేది ఏమిటో తెలుసా? ఇంజను కాదు, బెజ్జాలు! రెండు సీట్ల లోహపు విమానంలో కూడా రివెట్లు పది వేలకు మించి వుంటాయి. ప్రతి రివెట్టుకూ, అది కలిపే ప్రతి రేకులోనూ ఒక బెజ్జం వుండాలి.

వెల్డింగు చేస్తే సరిపోదా అని మీరు అడగవచ్చు. విమానానికి వాడే అల్యూమినియం మిశ్రమలోహాలు చాలావరకు ఆ వేడికి తమ బలాన్ని కోల్పోతాయి. అందువల్ల బెజ్జాలు తప్పవు.

కాని బెజ్జం వేశామంటే రేకును కొంత బలహీనపరచామన్నమాటే. పంటకాలువ మధ్యలో ఒక బండ వుందనుకోండి. నీరు దానికి రెండు పక్కలా ఒరుసుకుంటూ, వడిగా పోతుంది. రేకును లాగినప్పుడు బలం కూడా అలాగే బెజ్జం పక్కల కిక్కిరిసిపోతుంది. వెడల్పయిన రేకులో గుండ్రని బెజ్జం వుంటే, దాని అంచు దగ్గర ఒత్తిడి మూడు రెట్లు అవుతుందని కిర్ష్ అనే జర్మన్ ఇంజనీరు 1898లోనే లెక్కగట్టాడు. ఇది నున్నని బెజ్జం సంగతి. అంచున చిన్న గాటు వుంటే ఒత్తిడి ఇంకా ఎన్నో రెట్లు పెరుగుతుంది.

నమ్మకం కలగకపోతే మీరే చేసి చూడండి. నోటు పుస్తకం కాగితం నుంచి ఒకే కొలతలో రెండు పట్టీలు కత్తిరించండి. కాగితాలకు బెజ్జాలు వేసే పంచితో రెండింటి మధ్యలోనూ ఒక్కొక్క బెజ్జం వెయ్యండి. ఒకదానిలో మాత్రం బెజ్జం అంచున, పట్టీకి అడ్డంగా, బ్లేడుతో ఒక చిన్న గాటు పెట్టండి. రెండు కొసలూ పట్టుకుని మెల్లగా లాగండి. ఏది ముందు చిరుగుతుందో, ఎక్కడ మొదలై చిరుగుతుందో గమనించండి.

కాగితం ఒక్క లాగుడుకు చిరిగింది. లోహం అలా తెగదు. అది వేల సార్లు లాగుళ్ళు భరించి, చివరకు అలసిపోతుంది. 1988 ఏప్రిల్ 28న అమెరికాలోని హవాయి దీవులలో, హీలో నుంచి హొనొలులూ వెళుతున్న అలోహా కంపెనీ విమానం పైకప్పు 24,000 అడుగుల ఎత్తున, సుమారు 18 అడుగుల మేర ఊడిపోయింది. ఒక విమాన సహాయకురాలు చనిపోయింది. పైలట్లు ఎలాగో విమానాన్ని దించగా, మిగిలిన 94 మందీ బతికారు. అప్పటికి ఆ విమానం 89 వేలకు పైగా ప్రయాణాలు చేసింది. ఎగిరిన ప్రతిసారీ లోపలి గాలి ఒత్తిడికి దాని ఒళ్ళు ఉబ్బేది, దిగాక తగ్గేది. రేకుల అతుకు దగ్గర రివెట్టు బెజ్జాల అంచుల్లో సన్నని పగుళ్ళు పుట్టి, ఒకదానితో ఒకటి కలిసిపోయాయి.

యంత్రంతో వేసిన బెజ్జాలకు తిరుగులేదనుకోవటమూ పొరపాటే. ఇంట్లో కట్టుకునే విమానాలకు రేకులు అమ్మే వాన్స్ అనే అమెరికన్ కంపెనీ 2022లో కొన్ని రేకులకు లేజరుతో బెజ్జాలు వేయించింది. రివెట్టు తల రేకులోకి అణిగి కూర్చోవాలంటే బెజ్జం చుట్టూ చిన్న గుంట నొక్కాలి. అలా నొక్కినప్పుడు కొన్ని బెజ్జాల అంచులు చిట్లాయి. లేజరు కిరణం కోత మొదలుపెట్టి ముగించిన చోట మిగిలిన చిన్న గాటే అందుకు కారణం. మీ కాగితం పట్టీలోని గాటు వంటిదే అది!

మంచి బెజ్జం వెయ్యటానికి మొదటి మెట్టు గుర్తు పెట్టటం. సూదిమొన పనిముట్టుతో గీయకూడదు. ఆ గీతే రేపటి పగులు కావచ్చు. సిరా కలంతో గీసి, కేంద్రంలో సెంటర్ పంచితో చిన్న చుక్క పొడవాలి. లేకపోతే డ్రిల్లు మొన నునుపు రేకుమీద జారి అటూ ఇటూ నడుస్తుంది. బెజ్జం కేంద్రం రేకు అంచుకు కనీసం రివెట్టు వ్యాసానికి రెండు రెట్ల దూరంలో వుండాలి.

ఒకేసారి పెద్ద డ్రిల్లు పెట్టకూడదు. పలచని రేకులో అది గుండ్రని బెజ్జానికి బదులు మూడు మూలల బెజ్జం వేస్తుంది! ముందు చిన్నది వేసి, తర్వాత అసలు కొలతకు పెంచాలి. 3.18 మిల్లీమీటర్ల రివెట్టుకు బెజ్జం 3.26 మిల్లీమీటర్లు వుండాలి. తేడా సుమారు ఒక తలవెంట్రుక మందం. కొట్టినప్పుడు రివెట్టు ఉబ్బి ఆ సందును నింపుతుంది. బెజ్జం మరీ పెద్దదైతే రివెట్టు నిండదు, ఒక పక్కకు ఒరుగుతుంది. అప్పుడు రేకులు కదిలి రాసుకుని నల్లటి పొడి రాలుతుంది. గాలికి ఆ పొడి వెనక్కి చారలాగా అంటుకుంటుంది. ఇలాంటివాటిని మెకానిక్కులు పొగతాగే రివెట్లు అంటారు.

ఇక డ్రిల్లు నిటారుగా వుండాలి. దీనికి చక్కని ఉపాయం వుంది. అద్దంమీద పెన్సిలు మొన ఆనించి రెండు వైపుల నుంచి చూడండి. పెన్సిలూ దాని ప్రతిబింబమూ ఎటు చూసినా ఒకే గీతలో కనిపిస్తే పెన్సిలు నిటారుగా వున్నట్టే. నున్నగా మెరిసే రేకు కూడా ఈ అద్దంలాగే పనిచేస్తుంది.

రెండు రేకులనూ స్ప్రింగు పిన్నులతో బిగించి, కలిపే తొలవాలి. తర్వాత విడదీసి, అంచుల్లో లేచిన లోహపు ముళ్ళను పెద్ద డ్రిల్లు మొనతో, చేత్తోనే ఒకటి రెండు చుట్లు తిప్పి తీసెయ్యాలి. ఎక్కువ తిప్పితే రేకు పలచబడుతుంది సుమా! బోల్టు బెజ్జాలకు ఇంకా కచ్చితం కావాలి కాబట్టి, కాస్త తక్కువ కొలతకు తొలిచి, రీమరుతో సరిచేస్తారు.

హైదరాబాదు పక్కన ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల ఒళ్ళు తయారుచేసే కర్మాగారం వుంది. తొలి ఒళ్ళు 2018లో అక్కడినుంచి అమెరికా వెళ్ళింది. అక్కడి పనిముట్లు వేరు కావచ్చు గాని, బెజ్జం అంచుకు ఈ సూత్రాలే వర్తిస్తాయి.

మరి బెజ్జం చెడితే? చుట్టూ చోటు చాలినంత వుంటే ఒక కొలత పెంచి, పెద్ద రివెట్టు వేస్తారు. రేకు అంచు దగ్గరపడితే మాత్రం ఆ రేకును పక్కన పెట్టి, కొత్తది కోసి, మళ్ళీ మొదటి చుక్క నుంచి మొదలుపెట్టాలి.