కల్లు తెచ్చే నిద్ర నిద్ర కాదు


"కల్లు తాగనిదే కన్ను మూతపడదు." మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఈ మాట వింటూనే ఉంటాం. ఎందుకట్లా? అప్పుల రంది, వలసపోయిన బిడ్డల మీద బెంగ, ఫ్లోరైడ్ నీళ్లతో పట్టిన కీళ్లనొప్పులు. ఇవన్నీ నిద్రను చెడగొడతాయి. తప్పు తాగేటోనిది ఒక్కనిదే కాదు.

అయితే కల్తీ కల్లులో మత్తు అల్ప్రాజోలం, డైజిపామ్ వంటి మందులది. అలవాటైనంక అవి లేకుంటే నిద్ర అసలే రాదు. 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగినప్పుడు పాలమూరులో ఎంతోమంది వణుకుతో, మూర్ఛలతో దవాఖానల పాలయ్యారు.

మత్తు మానమనడం పంచశీలలో ఐదవది. 1956లో నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లోనూ అది ఉంది. కానీ ఏళ్ల తరబడి తాగినవాళ్లు ఒక్కసారిగా మానొద్దు, ప్రాణానికే ముప్పు. సర్కారు దవాఖానకు పోయి, డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా మానాలి. అది శీలం తప్పడం కాదు, శీలానికి దారి.

చలికాలంలో ఆకుల పరుపు మీద పడుకున్న బుద్ధుడు తాను సుఖంగా నిద్రపోయానన్నాడు. ఆయనలో రాగద్వేషమోహాలు లేవు. ఇంట్ల తాగేవాళ్లుంటే తిట్టకండి, మైత్రితో దవాఖానకు తోడు పోండి. రేపటి విహార సమావేశంలో అప్పుల గురించి, మంచినీళ్ల గురించి కూడా మాట్లాడండి. దుఃఖానికి కారణం వెతకడమే ధమ్మం.