పొలిమేర బేరములు

ఒకే వస్తువునకు పొలిమేరకు ఈవల నొక వెలయు, ఆవల మఱియొక వెలయు ఉన్నయెడల జనులు పొలిమేర దాటి కొనుటలో వింత లేదు. అట్టి రాకపోకలవలన పొలిమేరమీది పట్టణమునకు కలుగు లాభమెట్టిది, ఆ లాభము ఎవరి చేతిలో నున్నది యను విషయమును మేమిచట విచారింపదలచితిమి. ఇందులకై మొదటనే దూరదేశములకు పోనక్కరలేదు. మన గోదావరి యొడ్డుననే యానాం కలదు.

యానాం కాకినాడకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున నున్న చిన్న పట్టణము. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో అచటివారు 55,626 మంది. చుట్టును ఆంధ్రప్రదేశమే యైనను, ఏలుబడి మాత్రము 800 కిలోమీటర్లకు పైగా దూరమున నున్న పుదుచ్చేరిది. 1954వ సంవత్సరము వఱకు ఇది పరాసువారి, అనగా ఫ్రెంచివారి, స్వాధీనమున నుండెను. ఆ కాలమున మంగళవారపు సంతకు ఆంగ్లేయుల సీమనుండి జనులు వచ్చి విదేశపు సరకులు కొనిపోవుచుండిరి. సరకులే కాదు. శారదా చట్టము 1930వ సంవత్సరమున అమలులోనికి వచ్చిన పిమ్మట, బాల్యవివాహములు చేయగోరినవారు బిడ్డలను వెంటబెట్టుకొని యానాం పోయి పెండ్లిండ్లు జరిపిరి. పొలిమేర అంగడిలో చట్టముల భేదము కూడ అమ్ముడుపోవునని దీనివలన తెలియుచున్నది.

పరాసువారు వెడలిపోయినను వెలల భేదము పోలేదు. యానాం కేంద్రపాలిత ప్రాంతములో చేరుటచేత అచటి పన్నులు వేఱు. 2017 జులై 1వ తేదీ నుండి వస్తుసేవల పన్ను దేశమంతట నొక్కటియై, సబ్బులు, బట్టలు, పాత్రలు మొదలగువాని విషయమున ఆ భేదమును తుడిచివేసెను. పెట్రోలు, డీజిలు, మద్యము మాత్రము ఆ పన్నునకు లోబడలేదు. కావున నేడు పొలిమేర బేరము ముఖ్యముగా వీనిమీదనే నిలిచియున్నది.

ఇచట మన విద్యార్థులొక లెక్క చేసి చూడవలెను. యానాంలో పెట్రోలు లీటరునకు 10 రూపాయలు చవుక యని లెక్కకొఱకు అనుకొందము. కాకినాడనుండి మోటారు సైకిలుపై పోయి 5 లీటర్లు పోయించుకొన్నవానికి మిగులునది 50 రూపాయలు. పోయి వచ్చుటకు 60 కిలోమీటర్లు. బండి లీటరునకు 60 కిలోమీటర్లు నడిచినను ఒక లీటరు, అనగా సుమారు 100 రూపాయలు, దారిలోనే కాలిపోవును. లాభము మాట యటుండగా 50 రూపాయలు నష్టము! తాళ్ళరేవువానికట్లు కాదు, వానికి దారి తక్కువ. పెద్ద తొట్టిగల లారీవానికి కూడ నట్లు కాదు. కావున ఈ బేరము దగ్గరివారికిని, ఒక్కసారిగా ఎక్కువ కొనువారికిని మాత్రమే గిట్టును. ఎదుర్లంక వారధి లేనంతకాలము కోనసీమవారు గౌతమిని పడవపై దాటవలసియుండెను. వారధి కట్టిన తరువాత వారును దగ్గరివారైరి.

లాభమెవరిది? మొదట బంకులవారిది, మద్యపు దుకాణములవారిది. వచ్చినవాడు టీ త్రాగును, ఫలహారము తినును, బండి బాగుచేయించుకొనును. ఆ విధముగ కొంత సొమ్ము చిన్నవాని చేతిలోను పడును. పుదుచ్చేరి ఖజానాకు పన్ను ముట్టును. అయితే పొలిమేర కీవలి ఆంధ్రప్రదేశపు బంకులు బేరము కోల్పోవును. ఈ రాష్ట్రమునకు రావలసిన పన్ను తగ్గును. ఇది క్రొత్తగా పుట్టిన సంపద కాదు, చాలవఱకు ఒక యొడ్డునుండి మఱియొక యొడ్డునకు తరలిన సొమ్ము. మద్యపు సంగతి మఱింత చెడ్డది. ఆంధ్రప్రదేశమున 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము పెట్టి 1997లో సడలించిరి. ఆ రెండేండ్లును త్రాగుబోతులకు యానాం త్రోవ సుపరిచితమయ్యెను. ఆలుబిడ్డల తిండికి ఉంచవలసిన సొమ్ము పొలిమేర దాటిపోయెను. ఇట్టి రాబడిని పట్టణాభివృద్ధి యనుటకు మాకు నోరు రాదు.

వెలల భేదమునకు పన్నులే కారణము కానక్కరలేదు, నాణెముల విలువయు కారణము కావచ్చును. ఇందులకు ఐరోపానుండి యొక యుదాహరణము చెప్పెదము. జర్మనీలోని కాన్‌స్టాంజు పట్టణమును, స్విట్జర్లాండులోని క్రాయిట్స్‌లింగెను పట్టణమును ఒకదానినొకటి ఆనుకొని, వీధికి వీధి కలిసియున్నవి. యూరో వెలను 1.20 ఫ్రాంకులకంటె తగ్గనీయమని తాను పెట్టుకొన్న కట్టుబాటును స్విస్ జాతీయ బ్యాంకు 2015 జనవరి 15వ తేదీన విడిచిపెట్టెను. ఫ్రాంకు విలువ ఒక్కనాటిలో హెచ్చెను. ఫ్రాంకులలో జీతము పుచ్చుకొనువారు జర్మనీ అంగళ్లకు వెల్లువగా పోయిరి. కాన్‌స్టాంజు వర్తకులు సంతోషించిరి. ఆ యూరి కాపురస్థులు మాత్రము బండ్ల రద్దీకి విసిగిరి. క్రాయిట్స్‌లింగెను వర్తకులకు తమ యూరివారే ఆవలి సంచులతో తిరిగివచ్చుట చూడవలసివచ్చెను. తరువాత 2020 మార్చిలో కోవిడు జాడ్యము మూలమున పొలిమేర మూసి, రెండూళ్ల నడుమ కంచె వేసిరి. జూన్ 15వ తేదీ వఱకు కాన్‌స్టాంజు అంగళ్లకు ఆవలి బేరము లేదు. 2025 జనవరి 1 నుండి స్విస్ దొరతనము, పన్ను లేకుండ తెచ్చుకొనదగిన సరకుల విలువను మనిషికి దినమునకు 300 ఫ్రాంకులనుండి 150 ఫ్రాంకులకు తగ్గించెను. వీనిలో ఒక్కటియు కాన్‌స్టాంజు పురపాలకులను అడిగి చేసినది కాదు.

యానాంలోను అట్లే జరిగెను. 2020 మే నెలలో పుదుచ్చేరి దొరతనము మద్యముపై ప్రత్యేకమైన కోవిడు సుంకము వేసి వెలను పొరుగు రాష్ట్రముల వెలలకు దగ్గర చేసెను. మరుసటి యేడు దానిని తీసివేయు వఱకు చవుక యను ఆకర్షణ లేకపోయెను.

పొలిమేరపై ఆధారపడని బ్రతుకుదెరువు యానాంలో లేకపోలేదు. నేలపై పఱచు పింగాణీ పలకలు చేయు పెద్ద కర్మాగారమొకటి అచట నుండెను. 2012 జనవరిలో జరిగిన కార్మికుల కల్లోలము తరువాత అది చాలకాలము మూతపడెను. దానిలో పనిచేయువాని జీతము ఆ యూరి కూరగాయల అంగటికిని, బియ్యపు కొట్టునకును పోవుచుండెడిది. ప్రక్కవారు పెట్రోలుపై పన్ను హెచ్చించినను తగ్గించినను ఆ జీతము కదలెడిది కాదు.