కవిలెకట్ట

రాజు పోయి రాజు వచ్చినంత మాత్రమున రాజ్యవిధానము మాఱినదని చెప్పుటకు వీలులేదు. పన్ను ఎవరు విధించిరి? లెక్క ఎవరు వ్రాసిరి? ఆ లెక్క తప్పని చెప్పుటకు రైతునకు దారి యుండెనా? ఈ మూడును విచారించిననే నిజమైన మార్పు తెలియును. ఇందుకు దూరదేశముల చరిత్ర అక్కఱలేదు. చిత్తూరు జిల్లాలోని ఐరాల సీమయే చాలును.

1565లో తళ్ళికోట యుద్ధమున విజయనగరము ఓడిన పిదప రాజధాని పెనుగొండకును, అటుపిమ్మట చంద్రగిరికిని తరలెను. రాజు బలహీనుడైన కొలది, ఊళ్ళకు కావలి కాచి కప్పము చెల్లించుచుండిన పాళెగాండ్రు స్వతంత్రులైరి. తరువాత ఆర్కాటు నవాబుల ఏలుబడి వచ్చినను పాళెగాడు పోలేదు. కొండలును అడవులును గల ఈ సీమలో ఊరూరను దండు నిలుపు శక్తి నవాబునకు లేదు. పేష్కసు ముట్టినంత కాలము ఆయన మిన్నకుండెను.

నవాబులు కుంపిణీవారికి అప్పుపడిరి. 1801 నాటి ఒడంబడికతో కర్ణాటక రాజ్యము, దానితోపాటు చిత్తూరు పాళెములును, కుంపిణీ వశమయ్యెను. కుంపిణీకి సొంత దండు కలదు, సొంత కచేరీ కలదు. పాళెగాని కావలితో దానికి పనిలేదు. 1804లో పాళెగాండ్రు తిరుగబడిరి. 1805 నాటికి అణచబడిరి. కల్లూరు, పులిచెర్ల, పాకాల మొదలగు ఆ పాళెముల పేర్లు నేడు ఊళ్ళ పేర్లుగా మాత్రమే మిగిలినవి. వారు పిఱికితనముచేత ఓడిరని తలపరాదు. వారు చేయు పనిని వేఱొకరు చేయగలిగిరి. అంతటితో వారి అధికారమునకు ఆధారము పోయెను.

కరణము మాత్రము పోలేదు. ఏ ప్రభుత్వమునకైనను లెక్క కావలెను గదా! ఏ పొలము ఎవరిది, ఎంత విస్తీర్ణము, ఏ పైరు, ఎంత శిస్తు అనునవి వ్రాసిన లెక్కల కట్టకే కవిలెకట్ట యని పేరు. అది కరణము ఇంట నుండెడిది. శిస్తు వసూలు మునసబుది. ఈ ఉద్యోగములు తండ్రి నుండి కొడుకునకు వచ్చుచుండెను. 1895 నాటి చట్టము దానిని స్థిరపఱచెను. నీతిపరులైన కరణములు లేకపోలేదు. చెఱువు నీటి తగవును కోర్టుకెక్కనీయక తీర్చినవారును కలరు. అయినను తన పొలము ఎవరి పేర వ్రాయబడినదో తెలియుటకు చదువురాని రైతు ఆ యింటి వాకిట చేతులు కట్టుకొని నిలువవలసివచ్చెను. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడెను. 1947లో స్వాతంత్ర్యము వచ్చెను. 1953లో ఆంధ్రరాష్ట్రము అవతరించెను. కవిలెకట్ట మాత్రము ఆ యింటనే యుండెను.

దానిని కదలించినది ఓటు. అంతకుముందు ఆస్తియో చదువో కలవారికే ఓటుండెడిది. 1951-52 ఎన్నికలలో ఇరువదియొక్క యేండ్లు నిండిన వారందఱును ఓటర్లైరి. వాకిట నిలిచిన రైతును, అతని భార్యయు ఓటర్లే. రాజ్యాంగపు 16వ అధికరణము ప్రభుత్వోద్యోగమునకు వంశము అర్హత కారాదని చెప్పెను. గుంటూరు జిల్లాలోని ఒక మునసబు ఉద్యోగమును గూర్చిన వ్యాజ్యములో, 1960 డిసెంబరు 6న సుప్రీంకోర్టు ఆ వంశపారంపర్యపు హక్కును కొట్టివేసెను. తీర్పు వచ్చినను ఆచరణము మెల్లగా సాగెను. తుదకు 1984 జనవరిలో కరణము, మునసబు ఉద్యోగములే రద్దయ్యెను. మఱుసటి యేట మండలములు ఏర్పడెను. ఐరాల మండల కేంద్రమయ్యెను.

ఇందులో నష్టమును కలదు. ఊరి హద్దులు కంఠస్థముగా తెలిసిన మనుష్యులు ఒక్కమాఱుగా తొలగిరి. క్రొత్తవారికి ఆ నేర్పు వెంటనే రాలేదు.

1993లో అమలైన 73వ సవరణ పంచాయతీలలో స్త్రీలకు మూడవ వంతు స్థానములు కేటాయించెను. 2019 అక్టోబరు 2 నుండి గ్రామ సచివాలయములు వెలసెను. అడంగలు నకలు కోరు ఐరాల రైతు ఇప్పుడు ఎవరి అరుగు మీదను కూర్చుండనక్కఱలేదు. అర్జీ యిచ్చి రసీదు పుచ్చుకొనును. తన పొలము వేఱొకరి పేర ఎక్కినచో, ఏ యుత్తరువు ననుసరించి అట్లు మార్చిరో చూపుడని 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద అడుగును.