కాశీయాత్రలో మన ఊళ్లు

తెలుగు యాత్రాగ్రంథాల్లో తొలినాటిదైన ‘కాశీయాత్ర చరిత్ర’ మన జిల్లాల మీదుగానే సాగిందని మనలో ఎందరికి తెలుసు? మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న పరివారంతో బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. చూసిందంతా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు రాసి పంపేవారు. రచయిత పోయాక, 1838లో పిళ్లె దాన్ని అచ్చు వేయించారు.

పుస్తకం పక్కన పటం పెట్టుకుని చదవండి. తిరుపతి దాటాక ఒంటిమిట్ట, కడప, అహోబిలం, మహానంది, ఆత్మకూరు, శ్రీశైలం వస్తాయి. కడప 1800లోనే కుంపిణీ చేతికి పోయింది. శ్రీశైలం ఇంకా కందనూరు నవాబుది, అంటే మన కర్నూలు నవాబుది. యాత్రికుల దగ్గర పన్ను తీసుకుంటూ గుడిని పట్టించుకోవడం లేదని వీరాస్వామి నిక్కచ్చిగా రాశారు. 1839లో ఆ నవాబు పాలనా ముగిసింది.

ఒక్కటి గమనించాలి. ఆయన వెళ్లింది పల్లకీలో. మోసిన బోయీలూ అదే ఎండ, అదే నల్లమల చూశారు. వారి కబుర్లు ఏ పుస్తకానికీ ఎక్కలేదు.

దిగవల్లి వేంకట శివరావు గారు 1941లో దీన్ని మళ్లీ వెలువరించారు. ఆ దారి ఊళ్ల తమ్ముళ్లు సెలవుల్లో తమ ఊరి పేజీ చదివి, పాత సత్రాలు, బావుల గురించి అవ్వాతాతలను అడిగి రాసుకు రండి.