మణికట్టు మీది యంత్రం – బొటనవ్రేలి మూలనున్న నాడి

నాడి చూపించుకోవడానికి వచ్చేవారిలో పలువురు ఇప్పుడు చేయి చాపకముందే చేతి గడియారాన్ని చూపుతున్నారు. "రాత్రి నిద్రలో యాభై నాలుగుకు దిగిందండీ" అని ఒకరు, "మేడ ఎక్కేసరికి నూట ముప్పై అయిందండీ" అని మరొకరు. ఉద్యోగాలలో స్థిరపడిన పిల్లలు తల్లిదండ్రులకు కొనిచ్చే వస్తువులలో ఈ స్మార్ట్ వాచీలు, ఫిట్‌నెస్ బ్యాండ్లు కూడా చేరాయి. ఈ యంత్రం మాట ఎక్కడ నమ్మదగినది, ఎక్కడ కాదు అన్నది ఈ పాఠంలోని విషయం. ఆయుర్వేద పత్రికలో యంత్రాల ముచ్చట ఎందుకని కొందరికి తోచవచ్చు. వైద్యుడు నాడి చూసే చోటికి అంగుళం దూరంలోనే అది వచ్చి కూర్చున్నది కనుక దానిని గురించి తెలుసుకోవలసిన అవసరం మనకూ ఉన్నది.

యంత్రం చూసేది దేనిని?

గడియారాన్ని చేతినుండి తీసి అడుగుభాగం చూడండి. పచ్చని కాంతి మినుకుమినుకుమంటూ ఉంటుంది. రక్తానికి పచ్చని కాంతిని బాగా పీల్చుకొనే గుణం ఉన్నది. గుండె కొట్టుకొన్నప్పుడల్లా చర్మం క్రింది సన్నని రక్తనాళాలలోకి కొంచెం ఎక్కువ రక్తం వస్తుంది. అప్పుడు తిరిగివచ్చే కాంతి తగ్గుతుంది. మరుక్షణంలో రక్తం తగ్గి, కాంతి హెచ్చుతుంది. ఈ హెచ్చుతగ్గులను గడియారం లెక్కపెట్టి నిమిషానికి ఇన్ని అని అంకె చూపుతుంది. అనగా అది గుండెను చూడటం లేదు, బొటనవ్రేలి మూలనున్న ధమనిని కూడా చూడటం లేదు. చర్మంలోని రక్తపు అలను చూసి గుండె వేగాన్ని ఊహిస్తున్నది.

రొమ్ముకు కట్టుకొనే పట్టీ మార్గం వేరు. అది గుండెలో పుట్టే విద్యుత్తునే గ్రహిస్తుంది. నెదర్లాండ్స్ శాస్త్రవేత్త ఐంథోవెన్‌కు 1924లో నోబెల్ బహుమతి తెచ్చిన ఇ.సి.జి. విద్యకు ఇది చిన్న చెల్లెలు. ఫిన్లాండ్‌కు చెందిన పోలార్ సంస్థ 1982లో ఇటువంటి పట్టీని తీగలు లేకుండా క్రీడాకారులకు అందించింది. చేతి గడియారాలు ఇంటింటికీ చేరినది 2015 ప్రాంతం నుండి. రొమ్ముపట్టీ కట్టుకోవడం చిరాకు. గడియారం పెట్టుకొన్న సంగతే గుర్తుండదు. అది జనానికి నచ్చడానికి ఈ సుఖమే ముఖ్య కారణమని నా అభిప్రాయం.

కూర్చున్నప్పుడు సాక్షి, కదిలినప్పుడు అనుమానం

విశ్రాంతిలో ఈ యంత్రం మంచి సాక్షియే. 2017లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవారు 60 మంది చేతులకు ఏడు రకాల గడియారాలు కట్టి పరీక్షించగా, వాటిలో ఆరు గుండె వేగాన్ని 5 శాతంలోపు తేడాతో చూపాయి. అదే సమయంలో క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు నడకలో, పరుగులో పరీక్షించినప్పుడు రొమ్ముపట్టీ ఇ.సి.జి.తో దాదాపు పూర్తిగా ఏకీభవించింది. చేతి గడియారాలు వెనుకబడ్డాయి. మన చామనచాయ, నలుపు చర్మాలపై ఈ కాంతి పనిచేయదేమోనని కొందరు అడుగుతుంటారు. 2020లో డ్యూక్ విశ్వవిద్యాలయంవారు వివిధ వర్ణాల చర్మాలపై పరీక్షించి, రంగువలన చెప్పుకోదగిన తేడా కనబడలేదన్నారు. విశ్రాంతిలోకంటే కదలికలో పొరపాటు సగటున 30 శాతం ఎక్కువని అదే పరిశోధన తేల్చింది. కనుక చిక్కు రంగుతో కాదు, కదలికతో.

ఆ కదలిక వ్యాయామశాలలోనే ఉండనక్కరలేదు. చపాతీపిండి పిసికేటప్పుడు, బట్టలు పిండేటప్పుడు, నీళ్ల బిందె ఎత్తేటప్పుడు మణికట్టు కండరాలు బిగుసుకొని చర్మంలోని రక్తపు అల చెదురుతుంది. గడియారం జారి చర్మానికీ దానికీ నడుమ సందు ఏర్పడితే బయటి వెలుగు లోపలికి చొరబడుతుంది. వేగంగా నడిచేటప్పుడు మరొక విచిత్రం జరుగుతుంది: చేయి ఊగే లయనే యంత్రం గుండె లయగా భ్రమించి, నిమిషానికి వేసే అడుగుల సంఖ్యను గుండె వేగంగా చూపవచ్చు. చలికాలపు తెల్లవారుజామున చర్మానికి రక్తప్రసారం తగ్గి కూడా లెక్క తప్పుతుంది.

గాజులు వేసుకొనే స్త్రీలకు ఒక మాట. గాజులు గడియారాన్ని ముందుకూ వెనుకకూ నెడుతుంటాయి. గాజులకు పైన, మణికట్టు ఎముకకు రెండు వ్రేళ్ల ఎడంగా మోచేతివైపు గడియారాన్ని కట్టుకోవాలి. బిగువు ఎంతంటే, చేయి ఊపినప్పుడు జారకూడదు, తీసిన తరువాత చర్మంపై లోతైన గాడి పడకూడదు.

కాలరీల లెక్కను మాత్రం పక్కన పెట్టండి. స్టాన్‌ఫర్డ్ పరీక్షలో అన్నిటికంటే మెరుగైన గడియారం కూడా ఖర్చైన శక్తిని 27 శాతం తేడాతో చూపింది. చివరిది 93 శాతం. మూడు వందల కాలరీలు కరిగాయని గడియారం చెప్పిందని రెండు పూతరేకులు అదనంగా తినేవారిని నేను ఎరుగుదును.

అంకె వేరు, గతి వేరు

అసలు చెప్పదలచినది ఇది. చరక, సుశ్రుత సంహితలలో నాడీపరీక్ష విధానం వివరంగా కనబడదు. శార్ఙ్గధర సంహితలో అది స్థానం సంపాదించుకొన్నది. అక్కడ నాడిని వర్ణించినది అంకెలతో కాదు, నడకతో. వాతనాడికి పాము, జలగల నడక, పిత్తనాడికి కప్ప గంతు, కఫనాడికి హంస నడక పోలికగా చెప్పారు. ఈ ఉపమానాలను నేటి రోగనిర్ణయానికి సమానమని నేను అనను. కాని ఎన్నిసార్లు అన్నదానితో ఆగక ఎట్లా అని అడగటం ఆ విద్యలోని విలువైన అలవాటు. గడియారం ముఖంపై కనబడే అంకె కొన్ని క్షణాల సగటు. సగటులో నడక దాగిపోతుంది.

అరవై దాటిన ఒక విశ్రాంత ఉపాధ్యాయులు నాలుగు అడుగులు వేస్తే నీరసమని వచ్చారు. గడియారంలో 78 అని ఉన్నది. "అంకె బాగానే ఉన్నదిగా, బలానికి ఏదైనా లేహ్యం ఇప్పించండి" అన్నారు. మూడు వ్రేళ్లు ఆనించి చూస్తే నాడికి క్రమమే లేదు: రెండు దగ్గరగా, ఒకటి దూరంగా, ఒకటి బలహీనంగా, మళ్లీ మూడు గబగబా. లేహ్యం ఇవ్వక ఇ.సి.జి.కి పంపాను. గుండె పై గదులు లయ తప్పి కంపించే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని తేలింది. ఈ స్థితిలో గుండెలో రక్తం గడ్డకట్టి మెదడుకు చేరి పక్షవాతం వచ్చే ముప్పు హెచ్చుతుంది. ఆయన ఇప్పుడు హృద్రోగ నిపుణుని పర్యవేక్షణలో రక్తం గడ్డకట్టకుండా చేసే మాత్ర వాడుతున్నారు. ఇటువంటి రోగులలో కొన్ని దెబ్బలు బలం చాలక మణికట్టు దాకా రానేరావు. అందువలన చేతివద్ద దొరికే లెక్క గుండె అసలు లెక్కకంటే తక్కువగా ఉండవచ్చు.

లయదోషాన్ని కనిపెట్టి హెచ్చరించే గడియారాలు కూడా ఉన్నాయి. యాపిల్ వాచీతో 4,19,297 మందిపై జరిపిన అధ్యయన ఫలితాలు 2019లో వెలువడ్డాయి. హెచ్చరిక వచ్చినవారు 0.52 శాతం. వారిలో తరువాత ఇ.సి.జి. పట్టీ అతికించుకొని తిరిగి పంపినవారిని చూడగా, 34 శాతం మందిలో ఆ లయదోషం కనబడింది. ఈ దోషం వచ్చి పోతూ ఉంటుంది గనుక మిగిలిన వారివన్నీ ఉత్త హెచ్చరికలని అనరాదు. హెచ్చరిక వస్తే వైద్యుని వద్దకు వెళ్లాలి. రానంత మాత్రాన గుండె క్షేమమని నిశ్చింతగా ఉండరాదు. గడియారంలోని ఇ.సి.జి. సౌకర్యం గుండెపోటును కనిపెట్టలేదు. ఛాతీలో బరువు, ఎడమచేతికో దవడకో ప్రాకే నొప్పి, చెమటలు, ఆయాసం, స్పృహ తప్పడం – వీటిలో ఏది కలిగినా గడియారం చూస్తూ కూర్చోక వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఇంటిలో నాడిని చూసుకొనుట

ఉదయం లేచి, కాలకృత్యాలు తీర్చుకొని, కాఫీ త్రాగకముందు ఐదు నిమిషాలు కూర్చోండి. అరచేయి పైకి ఉంచి, బొటనవ్రేలి మూలం క్రింద, మణికట్టు మడతకు దిగువన, రెండవ చేతి చూపుడు, నడిమి, ఉంగరపు వ్రేళ్లను తేలికగా ఆనించండి. బొటనవ్రేలితో చూడరాదు, దానికీ నాడి ఉన్నది. పదిహేను క్షణాలు లెక్కించి నాలుగుతో గుణించే పద్ధతి లయదోషం ఉన్నప్పుడు మోసం చేస్తుంది, నిండు నిమిషం లెక్కించండి. లెక్కతోపాటు దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం సమానంగా ఉన్నదా అని గమనించండి. శ్వాస లోపలికి పీల్చినప్పుడు కొంచెం త్వరగా, విడిచినప్పుడు నెమ్మదిగా నడవటం ఆరోగ్యవంతులలో, ముఖ్యంగా పిల్లలలో సహజం. ఏ క్రమానికీ లొంగని నడక మాత్రం సహజం కాదు.

అదే నిమిషంలో గడియారం అంకెను కూడా చూడండి. వారంరోజులు రెండూ మూడు, నాలుగు అంకెల తేడాలో ఉంటే విశ్రాంతివేళ మీ చేతిపై మీ గడియారం నమ్మదగినదే. స్నానం చేసిన వెంటనే, భుజించిన వెంటనే, ఆకలి దప్పులతో ఉన్నప్పుడు నాడి చూడరాదని మన వైద్యగ్రంథాలు చెప్పిన నియమాన్ని గడియారానికీ వర్తింపజేయవచ్చు.

పెద్దలలో విశ్రాంతివేగం సాధారణంగా 60 నుండి 100. బాగా వ్యాయామం చేసేవారికి యాభైలలో ఉండటం దోషం కాదు. ఎవరికి వారి సొంత అంకె ముఖ్యం. నిత్యం 68 ఉండేవారికి నాలుగు రోజులుగా 82 ఉంటే జ్వరమో, నిద్రలేమియో, రక్తహీనతయో, థైరాయిడ్ దోషమో కారణం కావచ్చు. ఇటువంటి నెమ్మదైన మార్పును పట్టుకోవడంలో గడియారం మనకంటే ఓపికగలది. దానిలో నాకు నచ్చిన గుణం ఇదే.

వ్యాయామంలో ఎంతవరకు?

గడియారాలు వయస్సును 220 నుండి తీసివేసి గరిష్ఠ వేగమని చెప్పడం పరిపాటి. 2001లో టనాకా మొదలైనవారు ప్రతిపాదించిన సూత్రం ప్రకారం, వయస్సును 0.7తో గుణించి 208 నుండి తీసివేయాలి. అరవై ఏండ్లవారికి మొదటి లెక్కలో 160, రెండవదానిలో 166. రెండూ సగటులే. అటెనలాల్, మెటోప్రలాల్ వంటి రక్తపోటు మాత్రలు వాడేవారికి గుండె వేగం అణగి ఉంటుంది. గడియారం చూపే లక్ష్యాన్ని అందుకోవాలని వారు పరుగెత్తరాదు.

ఆయుర్వేదం అర్ధశక్తి వ్యాయామాన్ని విధించింది. నుదుట, చంకలలో చెమట పట్టి, నోరు ఆరి, నోటితో శ్వాస తీయవలసివచ్చినప్పుడు సగం బలం ఖర్చైనట్లు. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి అని నేటి వైద్యులు చెప్పే నడక హద్దు దీనికి దగ్గరదే. బ్యాటరీ అయిపోయినా ఇది పనిచేస్తుంది.

సూది గ్రుచ్చకుండా రక్తంలో చక్కెర చూపుతామనే గడియారాలను కొనకండి. ఇటువంటి వాటిని నమ్మవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. ఆ అంకెను చూసి ఇన్సులిన్ వేసుకొంటే ప్రాణాపాయం. పట్టీ క్రింద చెమట, సబ్బు నిలిచి దద్దురు లేస్తే కొన్నాళ్లు తీసివేసి, చర్మాన్ని పొడిగా ఉంచండి.

అంకె పెరిగిందని తెల్లమద్ది చెక్క కషాయం మొదలుపెట్టడం, తగ్గిందని గుండె మాత్రలు మానివేయడం రెండూ చేయకండి. వైద్యుని వద్దకు వెళ్లేటప్పుడు రెండు వారాల ఉదయపు అంకెలను కాగితంపై వ్రాసి, ఎదుట వ్రేళ్లతో చూసిన లెక్కను, నడక సమమో విషమమో, వేసుకొన్న మాత్రల పేర్లను, నిద్రపట్టని రాత్రులను కూడా వ్రాసి తీసుకొనివెళ్లండి.