పాత చిన్న కారు కొనిన పిదప

గంభీరావుపేటవంటి గ్రామములలో పాత మారుతి 800 కొనువారు పంచాయతీ సభ్యులను సలహా యడుగుట కలదు. 1983లో వెలువడిన ఈ కారు తయారీ 2014లో నిలిచినది. అనగా ఎంత చిన్న వయసు బండియైనను దశాబ్దము దాటినదే.

కొనినవారు రంగుకన్న ముందు బ్రేకులు చూడవలెను. త్రొక్కిపట్టిన పెడలు మెల్లగా దిగిపోవుచున్నచో నూనె కారుచున్నదనియో, మాస్టరు సిలిండరు లోపల అరిగినదనియో గ్రహింపవలెను. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చును. కావున పాతది తీయించి క్రొత్తది పోయించవలెను. టైరు ప్రక్కనుండు నాలుగంకెలలో మొదటి రెండు వారమును, చివరి రెండు సంవత్సరమును తెలుపును: 2315 అనగా 2015లో 23వ వారము. గాడులు లోతుగా నున్నను రబ్బరు పగిలినచో మార్చవలసినదే. టైమింగు బెల్టు ఎప్పుడు మార్చిరో అమ్మినవారు చెప్పలేనిచో, మాటాడక క్రొత్తది వేయింపుడు; అది తెగినచో ఇంజను నడిదారిలో ఆగును.

1988 మోటారు వాహనముల చట్టము ననుసరించి, కొనినవారు 30 దినములలో యాజమాన్యపు మార్పును రవాణా శాఖకు తెలుపవలెను. బీమా పత్రములో పేరు మార్పునకు గడువు 14 దినములే.